నిలబడి చెప్పిన మాట

పెనం మీద జిల్లేడాకులు చిటచిటలాడుతున్నాయి. అంకాళి ఒక్కొక్క ఆకునూ ఆముదంలో ముంచి, పెనానికి తాకించి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని పెద్దమ్మ మోకాలి మీద పరుస్తోంది. తాను కూర్చున్నది జానెడు ఎత్తు నేరేడు పీట. రోజూ పొద్దున్నే ఈ పని అయ్యాకే ఆ ఇంట్లో గంజి పొయ్యెక్కుతుంది. మంచె మీద నలభై ఏళ్లు కావలి కాసిన మోకాళ్లు అవి. కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు.

ఆ ఇల్లు తేరిగుట్ట మీద ఉంది. శిలాతోరణ రాజ్యానికి ఉత్తరపు కొసన, మబ్బుల్ని నడుముకు చుట్టుకుని నిలబడిన గుట్ట అది. ఒక పక్క గాలికి ఈలలు వేసే వెదురు వనాలు. ఇంకో పక్క పాతాళానికి నోరు తెరిచినట్టుండే కోరలోయ. గుట్ట మీద కావలి ఆడవాళ్లదే. తల్లి తర్వాత కూతురు, కూతురు లేకపోతే చెల్లెలి కూతురు మంచె ఎక్కాలి. పెద్దమ్మ తిప్పవ్వకు పిల్లలు లేరు. ఆమె తర్వాత మంచె అంకాళిది.

తేరిగుట్ట వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కన్ను చూసింది నిలబడి చెప్పాలి. బుద్ధి అనుకున్నది కూర్చుని చెప్పాలి. పడమట మబ్బు నల్లగా ఉందని నిలబడి అనొచ్చు. వాన వస్తుందనాలంటే చతికిలబడాల్సిందే. నిలబడి ఆ మాట అన్న పిల్ల నెత్తిన మొట్టికాయ పడుతుంది, ఆ వెంటనే కుండపోత కురిసినా సరే. పెళ్లిచూపుల్లో పిల్లవాడు పొడగరి అని నిలబడి చెప్పి, మంచివాడు అనడానికి మాత్రం చాప అడుగుతారని పక్క ఊళ్లవాళ్లు ఎగతాళి చేస్తారు.

శిలాతోరణ రాజులు మాత్రం ఎగతాళి చేయలేదు. శాసనం రాయించారు. తేరిగుట్ట కావలి మనిషి నిలబడి చెప్పిన మాటకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ మాట లేనిదే గుట్ట మీద ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయరాదు. ఊహను పొరపాటున నిలబడి చెప్పేస్తే దాన్ని వెనక్కి తీసుకునే దారి ఒక్కటే. ఏ చోట చెప్పారో ఆ చోటే, కూర్చుని మళ్లీ చెప్పాలి.

ఇన్ని తరాలుగా కోట మనుషులే గుట్టకు వచ్చి విని వెళ్లేవారు. తోరణపురి రాజసభ గడప తొక్కిన మొదటి కావలి మనిషి తిప్పవ్వే. అది ఆరు రోజుల కిందటి సంగతి. మహారాజు ఉదయధ్వజుడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఏం చూశావని సభలో అడిగారు. గద్దముక్కు బండ మీద ఇద్దరున్నారనీ, ఒకరికి నీలి తలపాగా, ఇంకొకరికి బంగారు అంగీ అనీ, బంగారు అంగీ లోయలోకి పడిందనీ ఆమె నిలబడి చెప్పింది. నీలి తలపాగా యువరాజు శరభకేతుడిది. అప్పుడు కనికట్టు తెలిసిన రాజగురువు భ్రమరాక్షుడు చాలా మెత్తగా, మరి తోసిందెవరు తల్లీ అని అడిగాడు. ఆ మాట చెప్పడానికి తిప్పవ్వ కూర్చోబోయింది. సింహాసనం ఎదుట కూర్చున్నవాళ్ల తల తీయాలన్నది ఆ సభలో అన్నిటికన్నా పాత శాసనం. భటులు రెండు రెక్కలూ పట్టుకుని లేపారు. మోకాళ్లు సలుపుతున్నాయి, అందరూ చూస్తున్నారు. యువరాజే తోశాడని ఆమె నిలబడే అనేసింది. గంటం తాటాకు మీద గీసుకుపోయింది.

యువరాజు ఆ రోజే నగరంలోంచి మాయమయ్యాడు. రేపు మధ్యాహ్నం నగారా మోగుతుంది. అతణ్ణి తండ్రిని చంపినవాడని చాటుతారు. ఆ తర్వాత అతని తల ఎవరు తెచ్చినా వారికి ఒక ఊరు ఇనాం. సింహాసనం రాజగురువు సంరక్షణలోకి పోతుంది.

అంకాళి చివరి ఆకు పరిచి అడిగింది.

"పెద్దమ్మా, తోసిన చేతులు చూసినావా?"

"ఎన్నిసార్లు అడుగుతావే అమ్మీ? చూసినా. రెండు చేతులు, ఇట్ల ముందుకు చాపి."

మొదటి రోజు అడిగితే, తోయకుండా ఎట్ల పడతాడని కసిరింది. మూడో రోజు, చూసినట్టే ఉందంది. ఇవాళ చేతులు చాపి మరీ చూపిస్తోంది. చెప్పగా చెప్పగా మాట కంట్లోకి దిగిపోయిందని అంకాళికి తోచింది. తాను పీట మీదే కూర్చుని ఉంది కనుక అలా అనుకోవడంలో తప్పు లేదు.

ఇంతలో వాకిట్లో ఉప్పమ్మేవాడి కేక వినబడింది. పెద్దమ్మ కళ్లు మూతపడుతున్నాయి. అంకాళి బయటికి వెళ్లింది. భుజాన మూట, మోకాలి దాకా పంచె, గుబురు గడ్డం. ఆమె అతణ్ణి పాదాల నుంచి తల దాకా నిదానంగా చూసింది.

"నీ మడమలకు పగుళ్లు లేవు. మూట కింద భుజం ఒరుసుకుపోలేదు. నుదుట బెత్తెడు మేర చర్మం తెల్లగా ఉంది. ఇవి చూసినవి. అనుకున్నది చెప్పాలంటే కూర్చోవల్ల."

ఉప్పమ్మేవాడు మూట దించి, తానే ముందు మట్టిలో కూర్చున్నాడు.

"నేనే చెబుతాను, కావలి పిల్లా. ఆ తెలుపు నీలి తలపాగా గుర్తు. ఆ రోజు నా తలపాగా పెట్టెలో లేదు. నేను ఆ బండ మీద లేను. నన్ను నమ్ముతావా?"

"నమ్మను," అంది అంకాళి. "చూస్తా. రా."

మంచె ఎక్కితే ఆకాశం చేతికందేంత దగ్గర. తూర్పున తోరణపురి గోపురాలు పసుపు పూసినట్టు మెరుస్తున్నాయి. ఎదురుగా లోయ మీదికి ముక్కు చాచిన గద్దముక్కు బండ. అంకాళి యువరాజును ఆ బండ మీదికి పంపింది. ఏం చేయాలో ముందే చెప్పి ఉంచింది. నిలబడాలి. చేతులు చాపాలి. దించాలి. ఎవరినో తోసినట్టు తోయాలి. ఎన్నోసారి ఏం చేశాడో తాను గుర్తుపెట్టుకోవాలి, ఆమెకు మాత్రం చెప్పకూడదు.

ఆమె రెప్ప వేయకుండా చూసింది. బండకు ఇవతల పెద్ద రాతి అంచు ఒకటి గోడలా లేచి ఉంది. దాని పైన మనిషి తల కనబడింది, మెడ, భుజాలు కనబడ్డాయి. తల అటు తిరిగే ఉంది కనుక ముఖం కనబడలేదు. భుజాల కింద ఏమీ లేదు, రాయే. అతను పదిసార్లు చేతులు ఆడించి వచ్చి, ఎన్నోసారి తోశానో చెప్పమన్నాడు.

"తెలియదు. పది మందిని తోసినా ఇక్కణ్ణుంచి తెలియదు."

ఆ మాట నిలబడి చెప్పింది. నలభై ఏళ్ల కావలి ఒక్క మాటలో కూలిపోతోంది. అయినా ఇది సగమే. పడిందేమిటో చూడాలి. ఇద్దరూ లోయ దారి పట్టారు.

కోరలోయ పైనుంచి నలుపు, దిగేకొద్దీ పచ్చ, ఇంకా దిగితే నీలం. రాళ్ల సందుల్లోంచి మోదుగులు నిప్పులు కక్కుతున్నాయి. రెల్లు మనిషెత్తు పెరిగి, గాలి లేకపోయినా ఊగుతోంది. నడిమి మలుపులో ఒక బుస వినబడింది. రెల్లు చీలింది. తాటిబోదెంత లావున నల్లని పొలుసులు తళుక్కుమంటూ జారాయి.

"ఏడు పడగలు! వెనక్కి!" అంటూ యువరాజు పంచె మడతలో దాచిన కత్తి దూశాడు. వెనక్కి వేసిన అడుగు కింద రాయి ఊడింది. చూస్తుండగానే అతను అంచు దాటి, ఒక మర్రి ఊడంత వేరు పట్టుకుని గాలిలో వేలాడాడు. కింద పది నిలువుల లోతు.

అంకాళి పారిపోలేదు. నిటారుగా నిలబడి, మంచె మీద చెప్పినట్టే గట్టిగా చెప్పింది.

"పొలుసులు చూస్తున్నా. మూరెడు మేర. కదులుతున్నాయి. పడగ చూడలేదు. తోక చూడలేదు. కన్ను చూడలేదు."

ఒక్కో మాటకూ ఆ లావు కొంత తగ్గింది. బుస కాస్తా రెల్లు ఒరిపిడి చప్పుడైంది. చివరికి ఆమె కాళ్ల దగ్గర మిగిలింది అభ్రకం రేకులు అతికించిన పాత మోకు. భ్రమరాక్షుడి మాయ ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. అతను ఏదీ పూర్తిగా పుట్టించడు. మూరెడు చూపిస్తాడు. మిగతా పామును చూసినవాడే తన భయంతో అల్లుకుంటాడు.

ఆ మోకునే వేలాడుతున్న యువరాజుకు అందించి పైకి లాగింది. దాన్నే చెట్టుకు కట్టి ఇద్దరూ అడుగుకు దిగారు.

అడుగున రేగుకంప మీద బంగారు అంగీ చిక్కుకుని ఉంది. అంకాళి ముళ్లు గీరుకుపోతున్నా కంపలో దూరి ఒక్కొక్క మడతే విప్పింది. లోపల ఎముక లేదు. నెత్తురు మరక లేదు. చుట్టుపక్కల గద్దల రెట్ట లేదు. నడుం దగ్గర అదే రకం మోకుతో బిగించి కట్టిన వరిగడ్డి ఉంది.

"మా తండ్రి బతికే ఉన్నారు!" అన్నాడు యువరాజు.

"కూర్చుని అను దొరా."

అతను తెల్లబోయి చూశాడు. ఆపైన రాతి మీద కూర్చుని, బతికి ఉండొచ్చు అన్నాడు.

"ఇప్పుడు సరిపోయింది," అంది అంకాళి.

అంగీని గడ్డితో సహా చుట్టి వీపున కట్టుకుని తల ఎత్తేసరికి, గుట్ట దారిన తాడిచెట్టెత్తు దుమ్ము లేస్తోంది. గాలికి చెదరకుండా ఒకే గీతగా వస్తోంది. ఇరవై గుర్రాలకు తక్కువ ఉండవని కూర్చుని చెప్పే తీరిక లేదు. మోకు పట్టుకుని ఎగబాకారు. వెదురు వనంలో పడి పరుగెత్తారు. వాగు పొంగి దారి తెగి ఉంటే, అంకాళి ఒక వెదురు కొసకు వేలాడి దాన్ని వంచి, అవతలి ఒడ్డున దిగి వదిలింది. వెదురు కొరడాలా వెనక్కి లేచి యువరాజు చేతికి చిక్కింది. అతను వచ్చి బురదలో బోర్లా పడ్డాడు. గడ్డం మీద బురద పట్టి, ఇప్పుడు నిజంగానే ఉప్పమ్మేవాడిలా ఉన్నాడు.

ఇంటికి చేరేసరికి వాకిలి నిండా గుర్రాలు. లోపల పెద్దమ్మ మోకాళ్ల మీద ఆకులతో, గోడకు ఆనుకుని అరుగు మీదే ఉంది. ఆమె ఎదుట భ్రమరాక్షుడు నిలబడి ఉన్నాడు. తుమ్మెద రెక్కల రంగు పట్టు ఉత్తరీయం, తేనెరంగు కళ్లు, మెడలో అద్దం పెంకుల మాల. ఆ పెంకుల్లో ఎవరు చూసుకున్నా సగం ముఖమే కనబడుతుంది. గడప దగ్గర దళవాయి గంపన, శాసనం అంటే ప్రాణం పెట్టే ముసలి సైనికుడు.

రేపటి సభకు తిప్పవ్వను పల్లకిలో తీసుకెళ్లడానికి వచ్చామని రాజగురువు తీయగా చెబుతున్నాడు. అంకాళి వెనక వచ్చిన మనిషి మీద పడగానే అతని చూపు ఆగింది.

"తల్లీ, నీ కళ్లకు తిరుగులేదని రాజ్యమంతా చెప్పుకుంటుంది. లేచి చెప్పు. వీడెవడు?"

తిప్పవ్వ గోడ పట్టుకుని లేచింది. ఎముకల చప్పుడు అందరికీ వినబడింది. ఆమె చూపు ఆ మనిషి నుదుటి మీద చాలాసేపు నిలిచింది. యువరాజు తండ్రిని లోయలోకి తోసినా తోయకపోయినా, పెద్దమ్మ ఇప్పుడు ఒక్క పేరు పలికితే చాలు, అతని పని అయిపోయినట్టే.

"వాకిట్లో ఉప్పు మూట చూస్తున్నా. గడ్డం, బురద చూస్తున్నా. నుదుట తెల్ల పట్టీ ఉంది."

"ఆ పట్టీ ఏం పెట్టుకుంటే వచ్చింది?"

"పట్టీ చూసినా. దాని మీద ఏం కూర్చున్నదో చూడలా."

గంపన మీసం కింద ఏదో కదిలింది. యువరాజా కాదా అని అతను సూటిగా అడిగాడు.

"అది కూర్చుని చెప్పే మాట, నాయనా. కూర్చుని చెప్పే మాటకు మనిషిని పట్టుకునే హక్కు మీ శాసనంలో లేదు."

దళవాయి కత్తి పిడి మీది చెయ్యి తీసేశాడు. భటులు కూడా తీసేశారు. అంకాళి వీపున ఉన్న మూట విప్పి, అంగీని నేల మీద పరిచింది. గడ్డి బయటపడింది. భ్రమరాక్షుడి మెడలో పెంకులు గలగలమన్నాయి. అంతే, అంగీ గుండె భాగాన ఎర్రని తడి పొంగి, బొట్లు బొట్లుగా నేల మీదికి జారింది. నెత్తురని భటులు గుసగుసలాడి వెనక్కి జరిగారు.

"ఎరుపు చూస్తున్నా," అంది అంకాళి నిలబడి. "తడి చూస్తున్నా. దళవాయిగారూ, ఒక్కసారి వాసన చూడండి."

గంపన వంగి వేలితో అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మోదుగ పూల రంగు అన్నాడు. ఎవరో భటుడికి నవ్వు ఆగలేదు.

అప్పుడు అంకాళి మంచె నుంచి చూసినదంతా చెప్పింది. రాతి అంచు ఎంత ఎత్తుంది, భుజాల కింద ఏమీ కనబడకపోవడం, పదిసార్లు చేతులు చాపినా ఒక్కటీ తెలియకపోవడం. పెద్దమ్మ వైపు చూడకుండానే చెప్పింది, చూస్తే చెప్పలేనని తెలుసు. చెప్పడం అయ్యాక నేల మీద, సరిగ్గా రాజగురువు పాదాల ఎదుట, కాళ్లు మడిచి కూర్చుంది. అంత పెద్దవాడి ఎదుట ఆడపిల్ల అలా కూర్చోవడం భటులు ఎన్నడూ చూడలేదు.

"ఇది కూర్చుని చెప్తున్నా. గడ్డికి రాజు అంగీ తొడిగింది నువ్వే అనుకుంటున్నా. మా పెద్దమ్మ రెక్కలు పట్టి లేపమని సైగ చేసింది నువ్వే అనుకుంటున్నా. రాజు ఎక్కడున్నాడో నీకు తెలుసనుకుంటున్నా."

"కూర్చుని చెప్పిన మాటకు నా సభలో గవ్వ విలువ లేదు, పిల్లా."

"లేకపోవచ్చు. ఇక్కడ ఇరవై మంది చెవులతో విన్నారు. రేపు వాళ్లు కళ్లతో చూడటం మొదలుపెడతారు. నీకు భయం అందుకే."

భ్రమరాక్షుడి ముఖంలో తీపి ఇంకిపోయింది. అయినా గొంతు పెంచలేదు. గడ్డి చూపించు, గోడ చూపించు, నీ ఇష్టం అన్నాడు. తాటాకు మీద ఎక్కిన మాట ఒక్కటే. యువరాజే తోశాడని తేరిగుట్ట కావలి మనిషి నిలబడి చెప్పింది. రేపు మధ్యాహ్నం నగారా ఆ మాటకే మోగుతుంది. ఈ గుట్ట దిగిన మరుక్షణం ఈ ఉప్పమ్మేవాడి మెడ కూడా ఆ మాటకే తెగుతుంది.

"చెప్పిన చోటే కూర్చుని చెబితే తప్ప ఆ మాట వెనక్కి రాదు. చెప్పింది సింహాసనం ఎదుట. అక్కడ కూర్చున్నవాళ్లకు తల ఉండదు. రెండూ మీ రాజుల శాసనాలే, దళవాయీ. నేను రాయించలేదు."

గంపన తల దించుకున్నాడు. యువరాజు పిడికిలి బిగించాడు. అంకాళి నేల మీదే ఉండిపోయింది. చూసింది చెప్పడం నేర్చుకున్నది కానీ, చెప్పింది వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ అవసరం పడలేదు. ఆమె మెల్లగా తలెత్తి పెద్దమ్మను చూసింది.

తిప్పవ్వ తన రెండు చేతులనూ చూసుకుంటోంది. పొద్దున తోసినట్టు చాపి చూపించిన చేతులు. వాటిని కాసేపు చాపి, మెల్లగా దించింది. తర్వాత వంగి, మోకాళ్ల మీది జిల్లేడాకులు ఒక్కొక్కటే ఊడదీసి పొయ్యి గట్టు మీద వరసగా పెట్టింది. ఆముదం మరకల్ని చెంగుతో తుడుచుకుంది. చేతికర్ర తీసుకుంది.

గోడ పట్టుకుని పొయ్యి దాకా నడిచి, అంకాళి పొద్దున కూర్చున్న నేరేడు పీట తీసి చంకన పెట్టుకుంది.

"పెద్దమ్మా," అంది అంకాళి.

ఆమె చెల్లెలి కూతురి తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. రాజగురువు దారికి అడ్డంగా ఉంటే, అతను జరిగేదాకా అక్కడే నిలబడింది. అతను జరిగాడు. ఎవరూ చెప్పకుండానే భటులు రెండు పాయలుగా విడిపోయారు. వాకిట్లో పల్లకి దించి ఉంది. దాని వైపు చూడనైనా లేదు. పీట చంకన, కర్ర చేతిలో, తిప్పవ్వ గడప దాటి తోరణపురి దారి పట్టింది.